ఏం చేసిందట?

ఆటోనగర్‌లో షెడ్ల షట్టర్లు దిగి, టింకరింగ్ సుత్తుల చప్పుడు సద్దుమణిగాక, వెనక వరసల అద్దె వాటాల్లో టీవీల గొంతు లేస్తుంది. 2017 అక్టోబర్ నుంచి 2023 జనవరి దాకా ఆ గొంతు స్టార్ మా 'కార్తీకదీపం'ది. సాయిబుల ఇల్లనీ, కాపుల ఇల్లనీ తేడా లేదు. పొయ్యి మీద కూర మాడినా సరే, దీప ఏడుస్తుంటే లేచేవాళ్ళు కాదు.

కథ అందరికీ తెలిసిందే. దీప నల్లటి మనిషి. మొగుడు కార్తీక్ డాక్టరు. అతనికి పిల్లలు పుట్టరని మోనిత నమ్మించింది. అంతే, పెళ్ళాం కడుపులో బిడ్డ తనది కాదన్నాడు. ఆమె ఇల్లు వదిలి, నలుగురికీ వండిపెట్టి, కూతుర్ని పెంచుకుంది. జనం ఆమెకి 'వంటలక్క' అని పేరే ఖాయం చేశారు. మా వాళ్ళయితే "క్యా కరీ బిచారీ?" అని ముక్కు చీదేవాళ్ళు. ఏం చేసింది పాపం అని.

ఈ మాట నాకు ఇంకో చోట కూడా వినపడింది. అలాంటి ఒక వాటాలోనే, గోడకి అవతల ఒకామెని మొగుడు కొట్టాడు. తెల్లారి పంపు దగ్గర బిందెలు పెట్టుకున్న ఆడవాళ్ళు అడిగిందీ ఇదే: "క్యా కరీ ఉనే?" ఏం చేసిందట? మాట ఒకటే, గొంతు వేరు. మొదటిది జాలి, రెండోది దర్యాప్తు.

దీప కోసం కళ్ళు వాచేలా ఏడ్చిన ఒక ఖాలాని అడిగాను. "ఖాలా, సీరియల్‌లో ఆమెని మొగుడు ఒక మాటంటేనే తట్టుకోలేవు. ఇక్కడ చెయ్యి లేచింది కదా?" ఖాలా నన్ను తెలివి తక్కువవాణ్ణి చూసినట్టు చూసింది. "అరే బేటా, ఉనే కుచ్ నై కరీ నా!" దీప ఏ తప్పూ చెయ్యలేదు కదా!

నన్ను పట్టుకున్నది ఆ జవాబు. దీపకి మన కన్నీళ్ళు దొరికింది దెబ్బ తిన్నందుకు కాదు, నిర్దోషి అయినందుకు. ఏ తప్పూ లేదని మనకి మొదటి నుంచీ తెలుసు, కార్తీక్‌కి మాత్రమే తెలీదు. ఇన్నేళ్ళ సీరియల్‌కి ఇరుసు అదే. అతనికి నిజం ఎప్పుడు తెలుస్తుందా అని ఎదురుచూశాం గానీ, నిజం ఏదైనా సరే నిండు చూలాలిని అలా నిలబెట్టే హక్కు అతనికెక్కడిదని అడిగినవాళ్ళు నాకు తారసపడలేదు. అనుమానం తీరితే చాలు, కాపురం నిలబడితే చాలు. ఒకవేళ దీప నిజంగానే తప్పు చేసి ఉంటే? అప్పుడు మన కన్నీళ్ళు ఏమయ్యేవి?

జవాబు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆడవాళ్ళకి ఏడు కారణాలు చదివి వినిపించారు. చెప్పకుండా బయటికెళ్ళడం, ఇంటినీ పిల్లల్నీ పట్టించుకోకపోవడం, ఎదురు చెప్పడం, పక్కకి రానడం, వంట సరిగా చెయ్యకపోవడం, మొగుడికి అనుమానం కలగడం, అత్తమామలకి మర్యాద ఇవ్వకపోవడం. వీటిలో ఒక్కదానికైనా మొగుడు కొట్టడం న్యాయమేనన్న ఆడవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 84 మంది. తెలంగాణలోనూ అంతే. సీరియల్ చూసి ఏడ్చిందీ, సర్వేలో ఈ జవాబు చెప్పిందీ వేరు వేరు జనం అనుకోవడానికి నాకు మనసొప్పదు.

సెక్యులర్ మిత్రులకి ఒక మాట. ఉర్దూ తెలిసిన ఇళ్ళల్లో దీపకి ముందు ఖిరద్ ఉంది. 2011-12లో పాకిస్తాన్ హమ్ టీవీలో వచ్చి, 2014లో జిందగీ చానల్ ద్వారా మన దగ్గరికొచ్చిన 'హమ్‌సఫర్' కథ కూడా ఇదే. అత్త నింద పన్నుతుంది, మొగుడు నమ్ముతాడు, కడుపుతో ఉన్న పిల్ల వీధిన పడుతుంది. అది చూసి ఒక మిత్రుడు "మీ ఇళ్ళల్లో ఆడవాళ్ళ బతుకు ఇంతేనా భాయ్" అన్నాడు. అదే మిత్రుడు కార్తీక్‌ని చూసి "మగాళ్ళింతే" అన్నాడు. దీప కష్టం మనిషి కష్టమైంది, ఖిరద్ కష్టం మతం కష్టమైంది. ఈ చూపుకి భయపడే మనవాళ్ళు "ఘర్ కీ బాత్ ఘర్ మే" అని నోరు మూయిస్తారు. ఆ రెండు చూపుల మధ్య దెబ్బ తిన్న మనిషికి నిలబడే చోటు లేదు.

కొట్టమని ఉంది కదా అంటూ సూరె నిసా 34వ ఆయత్ చూపేవాళ్ళు నాకు చాలామంది తెలుసు. వాళ్ళు సూరె నూర్ దాకా ఎందుకో రారు. నలుగురు సాక్షులు లేకుండా పతివ్రత మీద నింద వేసినవాడికి ఎనభై కొరడా దెబ్బలు అక్కడే ఉన్నాయి. పెళ్ళాం మీద మొగుడే నింద వేసి, తనకి తాను తప్ప వేరే సాక్షి లేకపోతే? అతను అల్లా మీద నాలుగు ప్రమాణాలు చేసి, అయిదోసారి అబద్ధమైతే తన మీద లానత్ పడాలనాలి. ఆమె కూడా అలాగే నాలుగు ప్రమాణాలు చేసి, అయిదోది చెప్పిందంటే ఆమెకి శిక్ష లేదు. ఆమె మాట అతని మాటకి సరితూగుతుంది. కార్తీక్‌కి ఆ మాట చాల్లేదు. నిజం చెప్పండి, చూస్తున్న మనకైనా చాలిందా?

చట్టం సంగతి క్లుప్తంగా. 2005 గృహహింస చట్టం 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది, అన్ని మతాల ఆడవాళ్ళకీ. దాని నియమాల్లోని గృహహింస సంఘటన నివేదిక నమూనాలో మాటల హింస కింద నడత మీద నింద వెయ్యడం కూడా రాసి ఉంది. అంటే కార్తీక్ ఏళ్ళ తరబడి చేసింది హింసే. చెయ్యి లేపలేదు కాబట్టి మనం దాన్ని 'అపార్థం' అని పిలిచాం. ఎంత మెత్తటి మాట!

గోడ అవతలి ఆమె పుట్టింటికి పోయింది. నెల తిరక్కుండా నలుగురు పెద్దలు కూర్చున్నారు. కుర్చీలు వేశారు, ఇరానీ చాయ్ తెప్పించారు. ఆమె గడప దగ్గర నిలబడింది. అందరికంటే పెద్దాయన నెమ్మదిగా, నిజంగా దయగానే అడిగాడు: "చెప్పమ్మా, ఏం చేశావు?" తర్వాత అతని వైపు తిరిగి, "చల్లారిపోతోంది, చాయ్ తాగు బేటా" అన్నాడు.