ఏ నల్లా నీళ్ళు?

ముంబైలోని ధారావిలో ఒక పాలమూరు అవ్వ ఉండేది. పదడుగుల గది, ముందు మోరీ, మోరీని ఒరుసుకుంటూ నీళ్ళ పైపు. ఎవరు బిందె తెచ్చి గుమ్మంలో దించినా "ఏ నల్లా నీళ్ళు?" అని అడగందే కడవలో పోసుకోదు. పైపు పగిలితే మోరీ నీళ్ళు కలుస్తాయని ఒక వానాకాలం పిల్లల వాంతులతో తెలిసొచ్చింది.

2020 ఏప్రిల్ 1న ధారావిలో తొలి కరోనా కేసు తేలింది. రెండున్నర చదరపు కిలోమీటర్లు కూడా లేని చోట లక్షల మంది. దూరం పాటించమంటే ఎక్కడని పాటిస్తారు? గడప దాటలేని జనం ఫోన్లలో తిరిగారు. ఒక సాయంత్రం మనవడు చదివి వినిపించాడు: ఈ రోగం వస్తుందని బ్రహ్మంగారు కాలజ్ఞానంలో 'కోరంకి' పేరుతో ముందే చెప్పారట. మిరియాల కషాయం తాగితే జోలికి రాదట. పరీక్షలకు మాత్రం పోవద్దట.

"బ్రహ్మంగారికి దండం. ఇంతకీ ఇవి ఏ నల్లా నీళ్ళు కొడకా?"

"కామాఠిపుర మామ పంపిండవ్వా."

"ఆయనకు ఎవరు పంపిండ్రు?"

బడి లేని పిల్లవాడు ఫోన్లు కలిపాడు. మామకు షోలాపూర్ వియ్యంకుడు పంపాడు. వియ్యంకుడి దాంట్లో కషాయం ఉంది, పరీక్షల మాట లేదు. ఆయనకు పంపిన జగిత్యాల చుట్టం దాంట్లో కషాయమూ లేదు, వట్టి 'కోరంకి' పద్యమే. అది దుబాయి నుంచి వచ్చిందన్నారు. ఆ పైన నల్లా దొరకలేదు.

మామను మళ్ళీ అడిగితే నీళ్ళు నమిలాడు. "పరీక్షల ముచ్చట నేనే కలిపిన. మనోళ్ళను పట్టుకపోతరని భయమైంది."

పక్క గదిలో నాకా మీద కూలీకి నిలబడే మేస్త్రీ జ్వరంతో నాలుగు రోజులుగా ఆ కషాయమే తాగుతున్నాడు. అవ్వ తలుపు కొట్టి లేపింది. పరీక్షల క్యాంపుకు వెళ్ళాడు, రెండు వారాలకు తిరిగొచ్చాడు.

నీతి: పాత మాటను తలచుకోవడం తప్పు కాదు, దాని వెనక మన మాటను దాచడం తప్పు. కాలజ్ఞానం తాటాకుల మీదా పాడేవాళ్ళ గొంతుల్లోనూ బతికింది. ప్రతికీ ప్రతికీ తేడా ఉంటుంది కాబట్టి కొత్త చరణం దూరినా పట్టుకోవడం కష్టం. మామ అబద్ధాలకోరు కాడు, భయస్థుడు. ఆ భయం ముంబైకి పాతదే. 1896లో ప్లేగు వచ్చినప్పుడు, ఆసుపత్రికి తీసుకెళ్ళి చంపేస్తున్నారన్న పుకారు నమ్మి మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్ ఆసుపత్రి మీద దాడి చేశారు. అప్పుడు సెల్‌ఫోన్లు లేవు. ధారావిని 2020లో గట్టెక్కించింది మాత్రం ఇంటింటికీ తిరిగి జ్వరం చూసినవాళ్ళు, బడుల్లో మంచాలు వేసినవాళ్ళు. జులై 10న ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి ధారావి పేరెత్తి మెచ్చుకున్నారు.

ఈసారి బ్రహ్మంగారి పేరుతోనో పెద్ద డాక్టరు పేరుతోనో మీ ఫోనుకు మందు వస్తే, పంపినవాళ్ళకు ఒకసారి ఫోన్ చేయండి. మీ మామే కావచ్చు, మర్యాదగానే అడగండి.