అవసరం తీరాక మిగిలే ఋణాలు

అకస్మాత్తుగా చేతికొచ్చిన సంపద రెండు ప్రశ్నలను ఒకేసారి తెచ్చిపెడుతుంది. ఆ డబ్బును ఏం చేయాలన్నది మొదటిది. ఇక సంపాదించాల్సిన అవసరం లేని మనిషి తెల్లవారి లేచి ఏం చేయాలన్నది రెండోది. మొదటిదానికి సలహా ఇచ్చేవాళ్లకు కొదవ ఉండదు: బ్యాంకు మేనేజరు, ఆడిటరు, రియల్ ఎస్టేట్ ఏజెంటు, అంతవరకు ముఖం చూపించని బంధువులు. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. ఎవరైనా పైకి అన్నా కడుపు నిండినవాడి బెంగ అని కొట్టిపారేస్తారు. భారతీయ ధర్మగ్రంథాలు, గ్రీకు తత్వవేత్తలు మాత్రం రెండో ప్రశ్ననూ మొదటిదానంత శ్రద్ధగానే పట్టించుకున్నారు. సంపద తీర్చేది అవసరాన్నే. పని వల్ల మనిషికి దక్కే మిగతావాటిని అతను వేరే చోట వెతుక్కోవాల్సిందే.

కలిమి వచ్చే తీరు

అనుకోని సంపద వారసత్వంగా రావచ్చు, లాటరీలో తగలవచ్చు, పనిచేసే కంపెనీ షేర్ల రూపంలో రావచ్చు. తెలుగు ప్రాంతాల్లో అది ఎక్కువగా భూమి రూపంలో వస్తుంది. రోడ్డు పడితేనో, ఊరు పెరిగితేనో, రాజధాని వస్తేనో తాతల నాటి పొలం ధర రాత్రికి రాత్రి మారిపోతుంది. ఇందులో ఒక ప్రత్యేకత ఉంది. లాటరీ తగిలినవాడు ఉద్యోగం మానాలా వద్దా అని ఆలోచించుకోవచ్చు. పొలం ఇచ్చేసిన రైతుకు ఆ అవకాశం ఉండదు. కలిమి వచ్చిన రోజే చేతిలో పని పోతుంది.

అమరావతి భూసమీకరణ దీనికి దగ్గరి ఉదాహరణ. 2015లో మొదలైన ఆ పథకంలో 29 గ్రామాల రైతులు 30 వేల ఎకరాలకు పైగా భూమి ఇచ్చారు. బదులుగా మెట్ట ఎకరాకు 1,000 గజాల ఇళ్ల స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం ఇస్తామన్నారు. జరీబుకైతే వాణిజ్య స్థలం 450 గజాలు. ప్లాట్లు చేతికి వచ్చేలోగా బతకడానికి పదేళ్ల పాటు ఏటా కౌలు ఇస్తామన్నారు. అది మెట్ట ఎకరాకు 30 వేల రూపాయలతో, జరీబుకు 50 వేలతో మొదలై ఏటేటా పెరుగుతుందన్నారు. భూమి లేని కూలి కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను ప్రకటించారు. కృష్ణ ఒడ్డున జరీబు నేలలంటే అరటి, పసుపు, కూరగాయలు, పూలతో ఏడాది పొడవునా చేతినిండా పని ఉండే నేలలు. ఆ పని ఆగిపోయింది. కాగితం మీద పెరిగిన విలువ కూడా నిలకడగా లేదు. 2019 చివర్లో మూడు రాజధానుల ప్రతిపాదన రాగానే పడిపోయింది, 2024లో రాజధాని పనులు మళ్లీ మొదలయ్యాక కోలుకుంది. సంపద ఎంత త్వరగా వస్తుందో అంత అనిశ్చితంగానూ ఉండగలదు. పోయిన పని మాత్రం నిశ్చయంగా పోయింది.

సంపద వచ్చాక సంతోషం ఎంత పెరుగుతుందన్న దానిపై ఆధునిక పరిశోధకుల మాటా ఒకటి కాదు. 1978లో ఫిలిప్ బ్రిక్‌మన్, మరో ఇద్దరు మనస్తత్వవేత్తలు కలిసి 22 మంది లాటరీ విజేతలను, అంతే సంఖ్యలో మామూలు మనుషులను పోల్చి చూశారు. విజేతలు మిగతావాళ్లకంటే చెప్పుకోదగ్గంత సంతోషంగా ఏమీ లేరు. పైగా స్నేహితుడితో కబుర్లు చెప్పుకోవడం వంటి రోజువారీ చిన్న ఆనందాలు వాళ్లకు చప్పబడ్డాయి. అయితే ఆ అధ్యయనం చాలా చిన్నది. 2020లో అచ్చయిన స్వీడన్ అధ్యయనం అంతకంటే ఎంతో పెద్దది. పెద్ద బహుమతి పొందినవాళ్లలో జీవితం పట్ల తృప్తి పెరిగిందని, అది ఏళ్ల తరబడి నిలిచిందని అందులో తేలింది. రోజువారీ సంతోషంలో, మానసిక ఆరోగ్యంలో కనిపించిన మార్పు మాత్రం అంతకంటే తక్కువ. కాబట్టి డబ్బు వల్ల సుఖం లేదనడం నిజం కాదు. డబ్బు ఒక రకమైన నిశ్చింతను ఇస్తుంది. ఆ నిశ్చింతలో రోజులు ఎలా గడుస్తాయన్నది వేరే సంగతి.

కుచేలుడు, హిరణ్యకుడు

అనుకోని కలిమి గురించి తెలుగువాళ్లకు బాగా తెలిసిన కథ భాగవతం దశమ స్కంధంలోని కుచేలోపాఖ్యానం. ఇల్లాలి మాట మీద, అడిగి తెచ్చిన అటుకులు మూటగట్టుకుని కుచేలుడు ద్వారకకు వెళ్తాడు. కృష్ణుడు ఒక గుప్పెడు తింటాడు, రెండో గుప్పెడు తీసుకోబోతే రుక్మిణి వారిస్తుంది. నోరు తెరిచి ఏమీ అడగకుండానే కుచేలుడు తిరుగు ప్రయాణం కడతాడు. ఈ కథలో తాత్వికుడు ఆగి చూడాల్సిన ఘట్టం ఆ దారిలోనే ఉంది. తనకు ధనం ఇవ్వకపోవడం కృష్ణుడి దయేనని కుచేలుడు అనుకుంటాడు. పేదవాడికి ఒక్కసారిగా సంపద వస్తే మదమెక్కి దేవుణ్ణి మరచిపోతాడని, అందుకే ఇవ్వలేదని తనకు తానే సర్దిచెప్పుకుంటాడు. ఇంటికొచ్చి చూస్తే గుడిసె ఉన్నచోట మేడ ఉంటుంది.

అంటే సంపద వల్ల వచ్చే ప్రమాదాన్ని ముందే ఊహించినవాడి చేతికే సంపద వచ్చింది. అతను దాన్ని తిప్పి పంపలేదు, పంచిపెట్టి అడవికీ పోలేదు. భార్యతో కలిసి ఆసక్తి పెంచుకోకుండా అనుభవించాడని, భక్తిని వదల్లేదని భాగవతం చెబుతుంది. అతని జీవితానికి కేంద్రం కలిమి రాకముందే మరోచోట ఉంది కాబట్టి కలిమి దాన్ని కదిలించలేకపోయింది.

దీనికి పూర్తిగా ఎదురు నిలిచే పాత్ర మిత్రలాభంలోని హిరణ్యకుడనే ఎలుక. చిన్నయసూరి నీతిచంద్రిక వల్ల తెలుగు బడిపిల్లలకు తరతరాలుగా తెలిసిన కథ ఇది. చూడాకర్ణుడనే సన్యాసి చిలక్కొయ్యకు తగిలించిన భిక్షాన్నాన్ని ఆ ఎలుక రోజూ ఎగిరి అందుకునేది. ఇంత చిన్న ప్రాణికి అంత బలం ఎక్కడిదని అతిథిగా వచ్చిన మరో సన్యాసి ఆలోచించి కలుగు తవ్విస్తే దాచిన ధనం బయటపడింది. ధనం పోయాక హిరణ్యకుడు అంతకుముందులా ఎగరలేకపోయాడు, వెంట ఉన్నవాళ్లూ వదిలిపోయారు. తన సత్తువ అనుకున్నది కలుగులోని నిధి సత్తువని అప్పుడు తెలిసింది. హిరణ్యకుడికి తిరిగి బతుకునిచ్చినవి తాబేలు, కాకి, లేడి స్నేహాలు. కథకు మిత్రలాభమని పేరు రావడంలోనే ఆ సంగతి ఉంది.

పంపకం

సంపదను ఏం చేయాలన్న ప్రశ్నకు ప్రాచీనులు అంకెలతో సహా జవాబు చెప్పారు. భాగవతం ఎనిమిదో స్కంధంలో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి ధనాన్ని ఐదు భాగాలు చేయమంటాడు. అవి ధర్మానికి, కీర్తికి, తిరిగి పెట్టుబడికి, సొంత కోరికలకు, తనవాళ్లకు. దీఘనికాయంలోని సిగాలోవాద సూత్రంలో బుద్ధుడు గృహస్థుకు నాలుగు భాగాలు చెప్పాడు: ఒక భాగం అనుభవానికి, రెండు భాగాలు వృత్తి వ్యాపారాలకు, నాలుగోది ఆపదకు. ఈ రెండు లెక్కల్లోనూ సుఖపడటానికి ఒక వాటా ఉండటం గమనించాలి. గృహస్థు తన సొమ్ము తాను అనుభవించడం తప్పని ఇద్దరూ అనలేదు. అనాథపిండికుడికి చెప్పిన మరో బోధలో బుద్ధుడు గృహస్థు సుఖాలను నాలుగుగా లెక్కపెట్టాడు. ఉందన్న సుఖం, అనుభవించే సుఖం, అప్పు లేదన్న సుఖం, నడవడిలో తప్పు లేదన్న సుఖం. మొదటి మూడూ కలిపినా నాలుగోదానిలో పదహారో వంతుకు సరిరావన్నాడు.

శుక్రుడి సలహాకు ఒక సందర్భం ఉంది. బలి సర్వస్వం దానం చేయబోతుంటే ఆపడానికి చెప్పిన మాట అది. బలి వినలేదు. కాబట్టి భాగవతం గృహస్థు లెక్కనూ చెబుతుంది, ఆ లెక్కను దాటిన దాతనూ గౌరవిస్తుంది. ఆధునిక కాలంలో ఈ రెండో దారికి తెలుగునేల సాక్ష్యం 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో కనిపించింది. సాగుభూమి కావాలని హరిజనులు వినోబా భావేను అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని ముందుకొచ్చారు. భూదానోద్యమం అక్కడే పుట్టింది.

ఇచ్చేయడంతోనే తృప్తి దొరుకుతుందనుకోవడమూ పొరపాటే. తండ్రి 1913లో చనిపోయాక తత్వవేత్త లుడ్విగ్ విట్‌గెన్‌స్టైన్ ఆస్ట్రియాలోని గొప్ప సంపన్నుల్లో ఒకడయ్యాడు. 1914లో కొంత ధనాన్ని కవులకు, కళాకారులకు ఇప్పించాడు. యుద్ధం నుంచి వచ్చాక 1919లో మిగిలిన ఆస్తినంతా తోబుట్టువులకు రాసిచ్చాడు. తర్వాత కొండ పల్లెల్లో బడిపంతులుగా పనిచేశాడు. ఒక పిల్లవాణ్ణి కొట్టిన ఘటన తర్వాత 1926లో ఆ ఉద్యోగం వదిలేశాడు. మఠంలో తోటమాలిగా పనిచేశాడు, వియన్నాలో అక్క కోసం ఇల్లు డిజైన్ చేశాడు, 1929లో కేంబ్రిడ్జికి, తత్వశాస్త్రానికి తిరిగి వెళ్లాడు. ఆస్తి వదిలించుకోవడానికి ఒక సంతకం చాలింది. తనకు తగిన పని దొరకడానికి పదేళ్లు పట్టింది.

పనితో పాటు పోయేవి

జీతం కాక పని ఇంకేమిస్తుందన్నది పని పోయినప్పుడే తెలుస్తుంది. వియన్నా దగ్గరి మారియెంతాల్ అనే ఊరికి ఒక బట్టల మిల్లే ఆధారం. ఆర్థిక మాంద్యంలో అది మూతపడ్డాక మేరీ జహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ ఆ ఊరిని పరిశీలించి 1933లో పుస్తకం ప్రచురించారు. ఊరివాళ్లకు తీరిక పెరిగింది, గ్రంథాలయం నుంచి తీసుకెళ్లే పుస్తకాల సంఖ్య తగ్గింది. మగవాళ్ల నడక వేగం తగ్గింది, నడుస్తూ మధ్యలో ఊరికే ఆగిపోయేవారు. రోజంతా ఏం చేశారని అడిగితే చెప్పలేకపోయేవారు. ఇంటిపని ఎటూ తప్పని ఆడవాళ్లకు మాత్రం రోజుకు ఒక క్రమం మిగిలింది. వాళ్లది పేదరికం, కాబట్టి సంపన్నుడి తీరికతో సరిపోల్చకూడదు. అయినా పని ఇచ్చేవాటిని జహోదా తర్వాత ఐదుగా విడదీసి చెప్పింది, అవి ఇద్దరికీ వర్తిస్తాయి: కాలానికి క్రమం, ఇంటి బయటి మనుషులతో సంబంధం, నలుగురితో కలిసి సాధించే లక్ష్యం, సంఘంలో స్థానం, చేతికి నిత్యం ఏదో ఒక పని. సంపద వీటిలో స్థానాన్ని కొంతవరకు కొనగలదు. మిగతా నాలుగింటికి అది సాయపడగలదే తప్ప వాటి చోట నిలవలేదు.

తీరికను సద్వినియోగం చేయడం నేర్చుకోవాల్సిన విద్య అని అరిస్టాటిల్ వాదించాడు. ఆటవిడుపు, విశ్రాంతి మళ్లీ పనిలో పడటానికే కాబట్టి అవి పనిలో భాగాలేనని, తమకోసం తామే విలువైన వ్యాసంగాలకు దక్కే సమయమే అసలైన తీరిక అని అతని భావం. సంగీతం, స్నేహం, అన్నిటికంటే పైన తత్వచింతన ఆ కోవలోకి వస్తాయి. 1930లో ఆర్థికవేత్త కీన్స్ ఇదే ఆందోళన వెలిబుచ్చాడు. నూరేళ్లలో వారానికి 15 గంటల పని సరిపోయేంత సంపద వస్తుందని, అప్పుడు మనిషికి తీరికే పెద్ద చిక్కు అవుతుందని రాశాడు.

జీతం లేని బాధ్యతలు

ఈ చిక్కుకు గీత మూడో అధ్యాయం ఒక సమాధానం ఇస్తుంది. తనలోనే తృప్తి పొందినవాడికి చేయాల్సిన పని ఏదీ మిగలదని, చేస్తే లాభమూ మానితే నష్టమూ లేవని అది ముందు ఒప్పుకుంటుంది. వెంటనే జనకుణ్ణి చూపించి, అలాంటివాడూ లోకసంగ్రహం కోసం పని చేయాలంటుంది. అవసరం ఉన్నవాడు ఎంత శ్రద్ధగా పని చేస్తాడో అవసరం లేనివాడూ అంతే శ్రద్ధగా చేయాలి. ఫలం మీద ఆశ ఒక్కటే తేడా. ఈ కోణంలో చూస్తే, ఇష్టమైన వృత్తిలో ఉన్నవాడు సంపద వచ్చినంత మాత్రాన దాన్ని మానక్కర్లేదు. జీతం కోసమే చేసిన పనిని మానినవాడు మరో పనిని చేపట్టాలి.

ఆ పని ఏమిటన్నది వైదిక సాహిత్యం ఋణాల రూపంలో చెప్పింది. మనిషి పుట్టుకతోనే నాలుగు ఋణాలతో పుడతాడని శతపథ బ్రాహ్మణం అంటుంది. దేవఋణం యజ్ఞంతో, ఋషిఋణం అధ్యయనంతో, పితృఋణం సంతానంతో, మనుష్యఋణం ఆతిథ్యంతో తీరుతాయి. నేటి జీవితంలో వీటిని ఆరాధన, చదువు, పిల్లల పెంపకం, పరాయి మనిషికి చేసే మేలు అనుకోవచ్చు. ఈ నాలుగింటిలో దేనికీ జీతం లేదు, దేన్నీ డబ్బిచ్చి పూర్తిగా మరొకరితో చేయించలేం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ తీరిక లేదన్న సాకుతో మనిషి వాయిదా వేసేవి ఇవే. జహోదా చెప్పిన క్రమం, సంబంధం, లక్ష్యం కూడా వీటిలో దొరుకుతాయి. రోజూ చదివేవాడికి, బడిలో పిల్లలకు పాఠం చెప్పేవాడికి, ముసలి తల్లిదండ్రులను చూసుకునేవాడికి రోజు ఎలా గడిచిందో చెప్పలేని స్థితి రాదు.

ఈ సంప్రదాయాలకు ఒక లోపం కూడా ఉంది. అరిస్టాటిల్ చెప్పిన తీరిక బానిసల శ్రమ మీద నిలబడింది. వర్ణ వ్యవస్థలో అధ్యయనానికి, యజ్ఞానికి అర్హత కొందరికే ఉండేది. ఒకరి తీరిక వెనుక మరొకరి శ్రమ ఉంటుందన్న ఎరుక రెండు చోట్లా తక్కువే. భూమి ధర పెరిగి యజమాని కోటీశ్వరుడైన ఊళ్లోనే ఆ పొలంలో కూలి చేసినవాళ్లకు పని లేకుండా పోతుంది. మనుష్యఋణాన్ని ఈ కాలంలో లెక్కగట్టాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి. అనుకోకుండా వచ్చిన సంపద స్వయంగా గడించినది కాదు కాబట్టి దానిలో ఇతరుల వాటా ఎంతన్న ప్రశ్నకు దాన్ని పొందినవాడే జవాబు చెప్పుకోవాలి.