జమ్ముపెట్టెకు పూసిన కీలు

పఠనభాగము: నిర్గమకాండము 2:1–10



మోషే తల్లియైన యోకెబెదు విశ్వాసురాలని మనమందరము ఒప్పుకొందుము. అయినను ఆమె ప్రార్థించి ఊరకుండలేదు. ఏటియొద్ద ఉంచబోవు పెట్టెలోనికి నీరు చొరకుండ సందులన్నిటికిని కీలు పూసెను. అది ఆమె అవిశ్వాసమునకు గురుతని ఎవరనగలరు?

హెచ్.ఐ.వి. క్రిమి తల్లినుండి బిడ్డకు చేరుటకును సందులు కలవు: గర్భమందు, కాన్పువేళ, చనుబాలయందు. మందేమియు లేనియెడల అట్టి తల్లుల బిడ్డలలో నూటికి 15 మొదలు 45 మందికి అది సోకునని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు. మందు సరిగా వాడినయెడల నూటికి 5గురికంటె తక్కువే. తల్లికున్నది గనుక బిడ్డకు తప్పదని మన పల్లెలలో అనుకొనుట నిజము కాదు.

మన దేశములో ఈ క్రిమి 1986లో మొదట కనబడెను. 2004 ఏప్రిల్ మొదలు ప్రభుత్వము మందులను ఉచితముగా ఇయ్యసాగెను. 2014 నుండి క్రిమియున్న ప్రతి గర్భిణికిని జీవితాంతము మందు ఇచ్చుచున్నారు. నేడు సాధారణముగా దినమునకు ఒక్క మాత్రయే. అయితే పరీక్ష లేనిదే మందు లేదు. కావున అమ్మలారా, నెల తప్పినదని తెలియగానే దగ్గరి ఆరోగ్య కేంద్రములోగాని పులివెందుల ప్రభుత్వాసుపత్రిలోగాని రక్తము చూపించుకొనుడి. భర్తయు చూపించుకొనవలెను, ఇది ఆడదాని పని యని తప్పించుకొనరాదు.

ఒక సంగతి మనవారు మరచుచున్నారు. తొలికాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి పోవును గదా. చీరెలు సర్దుదురు గాని మాత్రలు సర్దరు. పుట్టింటివారికి తెలియునేమోయని భయము. ఒక నెల మందు మానిన, ఆ సందుననే నీరు చొరును. కాన్పు ఆసుపత్రిలోనే జరుగవలెను. పుట్టిన బిడ్డకు కనీసము ఆరు వారములు మందు పోయుదురు. ఆరవ వారమున పరీక్ష చేసి, పదునెనిమిది నెలలకు మరల చూతురు.

యోకెబెదు తన బిడ్డకు తానే పాలిచ్చెనని చదువుచున్నాము. మందు తప్పక వాడు తల్లియు పాలియ్యవచ్చును. అయితే మొదటి ఆరు నెలలు చనుబాలు మాత్రమే. ఆముదము, తేనె, మేకపాలు నాకించు అవ్వలారా, మీ ప్రేమ మాకు తెలియును. అయినను ఈ కలగలుపువలన అపాయము హెచ్చును.

ఇక మిర్యాము మాట. ఆమె దూరమున నిలిచి తమ్ముని కనిపెట్టుచుండెను, ఎవరితోను చాటలేదు. మన స్త్రీల సమాజములో అట్టివారు కావలెను. ఒక చెల్లెలు కడప రిమ్స్‌లోని ఏ.ఆర్.టి. కేంద్రమునకు పోవలసియుండగా, ఆమెతో బస్సెక్కి, తిరిగి వచ్చి నోరు మెదపనివారు. ఒకరి వ్యాధిని వారి సమ్మతి లేక బయటపెట్టుటను 2017 నాటి చట్టము నిషేధించినది. చట్టమటుండగా, ప్రార్థన విన్నపమను పేరుతో గుడిలో ఆమె పేరు చదువుట ఏపాటి ప్రేమ? ఆమె అడిగిననాడు ప్రార్థింతము. అంతవరకు బస్సు చార్జీకి సహాయము చేయుదము.