నిర్దోషికి వ్యాధి యేల?

“ఏ జన్మమున ఏ పాపము చేసెనో!” అను మాట ఆసుపత్రి వరండాలలో వినబడినంత తరచుగ దేవాలయములందును వినబడదు. మద్యపానపరునికి కాలేయము చెడినను, మధుమేహమును నిర్లక్ష్యము చేసినవానికి పుండు మానకున్నను, కారణము కంటికెదుట నుండును గనుక లోకము తృప్తిపడును. దుర్వ్యసనమెరుగక నిన్నటివరకు అరక దున్నిన యువకునికో, అప్పుడే పలక పట్టిన పసివానికో ఉన్నట్లుండి కడుపులో గడ్డ లేచినపుడు మాత్రము, ఈ జన్మమున దొరకని కారణమును వెదకుచు మన మనస్సు పూర్వజన్మమునకు పరుగిడును. ఈ పరుగు ధర్మసమ్మతమా యని విచారింపవలసియున్నది.

ఇట్టి గడ్డను లేపగల బాసిడియోబోలస్ అను శిలీంధ్ర మొకటి కలదు. ఐడామ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1886లో దీనిని కప్పలనుండి వేరుచేసి వర్ణించెను. కుళ్లిన ఆకులలో, తడిమట్టిలో, కప్పల యొక్కయు బల్లుల యొక్కయు ప్రేగులలో ఇది నివసించును. దేహము లోపల వ్యాపించు బూజుజాతులు చాలవరకు రోగనిరోధకశక్తి సన్నగిల్లినవారినే ఆశ్రయింపగా, ఇది ఆరోగ్యవంతులను, బాలురను సైతము పట్టును. సాధారణముగ చర్మము క్రింద గట్టి వాపుగ కనబడు ఈ వ్యాధి మిక్కిలి అరుదుగ జీర్ణకోశమున ప్రవేశించి, ప్రేగుగోడను దళసరి చేసి, నొప్పిని, జ్వరమును కలిగించి, కేన్సరనియు క్షయ యనియు వైద్యులనే భ్రమింపజేయును. అమెరికాలోని ఆరిజోనాలో 1994–1999 నడుమ ఇట్టివారు 7 గురు కనబడిరి. సౌదీ అరేబియాలోను, ఇరానులోను మరికొందరు కనబడిరి. మన్నో, జంతువుల మలమో సోకిన ఆహారముతో ఇది లోనికి పోవునని వైద్యుల ఊహ.

ఇట్టి గడ్డనుండి కోసి తీసిన ముక్కను పలుచని పొరగ చేసి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూచినచో, వెడల్పైన శిలీంధ్రతంతువు చుట్టును గులాబివన్నె తొడుగొకటి, దానిచుట్టు గుమికూడిన ఇయోసినోఫిల్ అను తెల్లరక్తకణములును కానవచ్చును. ఒక ప్రాణి బ్రదుకుటకును, వేరొక దేహము తన్ను కాచుకొనుటకును పడు పెనుగులాట యంతయు ఆ గాజుపలకపై నున్నది. పాపపుణ్యముల పద్దు మాత్రము అందెక్కడను లేదు.

కృష్ణ కాలువల చివరి భూములైన గుడివాడ, బందరు, దివిసీమలవారికి ఈ సత్యము క్రొత్తది కారాదు. తొలకరికి నీరు వదలగనే మడులలో కప్పలు బెకబెకలాడును. నిరుటి వరిమోళ్లు కుళ్లి మన్నగును. కుళ్లును మన్నుగ మార్చు శిలీంధ్రజాతులే లేకున్న సార్వా పంట యెక్కడిది? అన్నము పెట్టు ప్రకృతియే ఎప్పుడో ఒకనాడు ఒకని ప్రేగును నమలును. ఆమెకు వానిపై పగ లేదు. 1864 నవంబరులో బందరును, 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలలో చంటిబిడ్డలును కొట్టుకొనిపోయిరి. పోయిన ప్రతిబిడ్డకు ఒక్కొక్క పాపమును అంటగట్టుటకు ఈ సీమలో ఎవ్వని నాలుక యాడును?

ఘంటసాలలో, గుడివాడలో స్తూపములు కట్టించుకొన్న మన పూర్వులు కొలిచిన బుద్ధుని ఈ ప్రశ్నయే శివకుడను పరివ్రాజకుడు అడిగినట్లు సంయుత్తనికాయము చెప్పుచున్నది. సుఖదుఃఖములన్నియు పూర్వకర్మఫలములేనా యనగా, పిత్తము, శ్లేష్మము, వాతము, ఈ మూటి కలయిక, ఋతుపరిణామము, అజాగ్రత్త, పరుల దెబ్బ, కర్మము అని బుద్ధుడు 8 కారణములను చెప్పి, అన్నింటిని కర్మకే ముడిపెట్టువారు ప్రత్యక్షమును మీరుచున్నారనెను. చరకసంహితయు బయటినుండి వచ్చు ఆగంతుకరోగములను వేరుగ లెక్కించినది.

“పొరుగువానిని విడిచి వీనినే ఆ శిలీంధ్రము సోకుటకు అదృష్టమను కారణ ముండవలదా?” యని కర్మవాది ప్రశ్నింపవచ్చును. ఉండిన నుండుగాక. కర్మగతి దురవగాహమని గీతాచార్యుడే తెలిపియుండగా, దానిని పరుని రోగములో చదివి చెప్పగల అధికారము మనకెవ్వరిచ్చిరి? కర్మసిద్ధాంతము ఎవరికి వారు తమ నడవడి దిద్దుకొనుటకు ఉపదేశింపబడినది. దానితో పొరుగువాని దుఃఖమునకు తీర్పు చెప్పుట యనగా దీపముతో ఇల్లు కాల్చుటయే. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరునికి పాలు పోసి మ్రొక్కు తల్లి బిడ్డ ప్రాణమును వేడుచున్నది. ఆమె మ్రొక్కును నేరాంగీకారముగ గ్రహించుట దైవద్రోహము.

ఈ తీర్పు కఠినమైనదే గాక హానికరమైనది కూడ. నిందకు వెరచినవారు రోగమును దాచుదురు. దాచిన రోగము ముదురును. ఈ వ్యాధికో, నెలల తరబడి ఇట్రాకొనజోల్ మాత్రలును, అవసరమైనచో శస్త్రచికిత్సయు కలవు. సకాలమున గుర్తించినవారిలో పెక్కుమంది కోలుకొందురు. కనుక రోగి యింటికి పోయినవాడు పూర్వజన్మము నెత్తక, క్షయమందుకు లొంగని గడ్డను మరల పరీక్ష చేయించితిరా యని అడుగవలెను, పెద్దాసుపత్రికి తోడుపోవలెను, చేతిలో నాలుగు రూపాయలుంచవలెను. నిర్దోషికి వ్యాధి యేల వచ్చెనను ప్రశ్నకు ప్రకృతి ఇచ్చు ఉత్తర మింతవరకే. వచ్చిన పిమ్మట మనమేమి చేసితిమను ప్రశ్నకు మాత్రము ఉత్తర మీయవలసినవారము మనమే, మనము నమ్మిన కర్మసిద్ధాంతము చెప్పునదియు ఇదియే.