గురిపలక చేయువాని పూచీ

తుపాకి గురి నేర్చుకొనువారి యెదుట నిలబెట్టు ఉక్కు పలకలను చేసి అమ్ముట విశ్వాసికి తగిన పనియేనా? తుడియలూరు చుట్టుపట్ల లేతు వర్క్‌షాపులలోను, లేజరు కటింగు షాపులలోను పనిచేయు మన పిల్లలు ఈ ప్రశ్నను మా ముందుంచినారు. సంఘ పెద్దలమైన మేము పలుమారులు కూర్చుండి మాటలాడితిమి. మాకు తోచినది వ్రాయుచున్నాము.

కొందరు "అది ఆయుధము కాదు గదా, ఒట్టి ఇనుప పలక" అందురు. మరికొందరు "తుపాకితో పొత్తు గలది ఏదియు ముట్టరాదు" అందురు. రెండును సులువైన జవాబులే. 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు గార్లు కోయంబత్తూరులో విద్యుత్ మోటారు చేసిన నాటినుండి మన తెలుగువారి చేతులు ఈ ఊరి యంత్రములకు అలవాటుపడినవి. పంపుసెట్టు భాగము కోసిన యంత్రమే మరునాడు మరియొకటి కోయును. 2019 జనవరిలో ప్రారంభమైన తమిళనాడు రక్షణ పరిశ్రమల కారిడారులోని ఐదు కేంద్రములలో కోయంబత్తూరు ఒకటి. కనుక ఇట్టి పనులు చిన్న షాపులకును వచ్చును. గురి చూచుట మాత్రము పాపము కాదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండను ఒలింపిక్సులో ఎయిర్ రైఫిల్ పోటీలో కంచు పతకము తెచ్చినప్పుడు మనమందరము సంతోషించితిమి గదా! యోనాతాను గురికి వేసినట్లు బాణములు వేసినది స్నేహితుని ప్రాణము కాపాడుటకే.

మొదట పలక సంగతి చూతము. దీనికి సాధారణ ఉక్కు పనికిరాదు. బ్రినెల్ కొలతలో 500 ప్రాంతపు గట్టిదనము గల ఉక్కు కావలెను. సీసపు గుండు గట్టి, నున్నని పలకకు తగిలినప్పుడు చితికి, దాని తునకలు పలక వెంబడి ప్రక్కలకు చిమ్మును. అందుకే పలకను కొంచెము ముందుకు వంచి వ్రేలాడదీయుదురు. తునకలు నేలకు పోవును. మెత్తని ఉక్కయితే గుంటలు పడును. గుంటలో పడిన గుండు తునక కాల్చినవాని ముఖము మీదికే తిరిగి రావచ్చును. గ్యాసు మంటతో అజాగ్రత్తగా కోసినను ఆ వేడికి అంచు మెత్తబడును. రంగు వేసిన తరువాత మంచి పలకను, చెడ్డ పలకను కంటితో చూచి చెప్పలేము. అడుగు వెడల్పు, 10 మిల్లీమీటర్ల మందము గల గుండ్రని పలక సుమారు ఐదున్నర కిలోలు తూగును. అది తూత్తుకుడిలోనో కొచ్చిలోనో ఓడ యెక్కినదా, ఇక మన చేతిలో లేదు. కొన్నవాని కన్ను మన బిల్లు మీద వ్రాసిన గట్టిదనమును నమ్ముకొని యుండును. ఉక్కు మిల్లు సర్టిఫికెట్టు లేని పలకను "గట్టిదే" అని అమ్మువాడు తూకములో మోసము చేయువానికంటె చెడ్డవాడని మా అభిప్రాయము. దీనిలో మాలో భేదము రాలేదు.

భేదము వచ్చినది ఆకారము దగ్గర. మెక్సికోలో పుట్టిన ఒక పోటీలో కోడి, పంది, టర్కీ కోడి, పొట్టేలు ఆకారపు ఉక్కు బొమ్మలను 200 మొదలు 500 మీటర్ల దూరములో నిలిపి పడగొట్టుదురు. అది ఆట. మనిషి తల, భుజములు గల పలక సంగతి వేరు. అమెరికా సైన్యపు చరిత్రకారుడు ఎస్.ఎల్.ఎ. మార్షల్ 1947లో ప్రచురించిన గ్రంథములో, రెండవ ప్రపంచ యుద్ధమందు పోరున నిలిచిన సైనికులలో నాలుగవ వంతుకు మించి తుపాకి పేల్చలేదని వ్రాసెను. ఆ లెక్కకు ఆధారము చాలదని తరువాతివారు తప్పుపట్టిరి. అయినను 1950ల దశకములో ఆ సైన్యము గుండ్రని గురికి బదులు, గుండు తగిలిన వెంటనే పడిపోవు మనిషి ఆకారపు గురిని శిక్షణలో పెట్టెను. చేయి దేనికి అలవాటుపడునో ఆకారమే నేర్పునని వారికి తెలిసినది. బడిలో పిల్లలకు దిద్దించిన మాకును ఇది క్రొత్త కాదు.

అయితే అట్టి శిక్షణ మన ప్రక్కనే, కతిర్‌నాయకన్‌పాళయములోని సి.ఆర్.పి.ఎఫ్. కేంద్ర శిక్షణ కళాశాలలో పొందు యువకులు తప్పుచేయుచున్నారని మేమందుమా? అనజాలము. 1998 ఫిబ్రవరి 14న ఈ ఊరిలో బాంబులు పేలి 58 మంది చనిపోయిరి. కావలివాడు ఎందుకో ఆనాడు తెలిసినది. దానికి ముందు, 1997 నవంబరులో, అల్లర్లలోను పోలీసు కాల్పులలోను 18 మంది ముస్లిములు చనిపోయిరి. కావలివాని వ్రేలికి అదుపు ఎందుకో అదియు తెలిసినది. ఆజ్ఞ, విచారణ, చట్టము క్రింద ఉన్న చేతికి మనిషి ఆకారపు పలక నిచ్చుట ఒకటి. ఎవరికో, వినోదము కొరకు, వందల లెక్కన ఓడకెక్కించుట మరియొకటి. రెండవదానిని మేము చేయవద్దందుము. గుండ్రని పలకలు, పోటీ బొమ్మలు చేయవచ్చును. మా పెద్దలలో ఒకరు ఇంకను దీనికి ఒప్పుకొనలేదు. కొనువాడు గుండ్రని పలకకు తానే రంగుతో ముఖము వ్రాసికొనును గదా అనిరి. అది నిజమే. కాని ఆ గీత అతడు గీయునది, మనము కోసినది కాదు.

ఇది షాపు యజమానికి చెప్పిన మాట. యంత్రము దగ్గర నిలుచు కూలి కుఱ్ఱవానికి ఆర్డరు కాదనుటకు అధికారము లేదు. అతని మీద ఈ భారము మోపరాదు. అతడే అడిగి వేరు పని పెట్టించుకొనినచో మంచిదే. అయితే అట్లు అడిగినందున ఆ నెల ఓవర్‌టైము పోయినచో సంఘము ఏమి చేయునని ఒక తల్లి అడిగినది. మా యొద్ద జవాబు లేదు. రాబోవు పెద్దల కూటములో దీనిని మొదటి అంశముగా పెట్టుచున్నాము.