బెయేర్షెబాలో ఆగిన యాకోబు

(పరదేశమునకు వెళ్ళవలెనా వద్దా అని తలంచువారికి)

మూలవాక్యము: ఆదికాండము 46:1-4



గత నెలలో ఒక ఆదివారమున ఆరాధన ముగిసిన తరువాత, మన సంఘములోని భార్యాభర్తలిద్దరు మందిరపు అరుగుమీద నాకొరకు కనిపెట్టుకొనియుండిరి. భార్య చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, అందులో క్రొత్త పాస్‌పోర్టు. "అయ్యగారూ, కువైట్ వెళ్దామనుకుంటున్నాను. దీనిమీద చెయ్యిపెట్టి ప్రార్థన చెయ్యండి" అని ఆమె అడిగెను. మన గోదావరి పల్లెలలో ఇది క్రొత్త మాట కాదు. ఇటువంటి పాస్‌పోర్టుల మీద నేను అనేక పర్యాయములు చెయ్యి ఉంచితిని. ఆనాడు మాత్రము వెంటనే ఉంచలేకపోతిని. ఎందువలననో మీకు చెప్పవలసియున్నది. అంతకుముందు వాక్యమును చూతము.

యాకోబు ముసలివాడు. దేశములో కరవు. చనిపోయెనని ఏడ్చిన కుమారుడు ఐగుప్తులో బ్రదికియున్నాడని వార్త వచ్చెను. ఫరో పంపిన బండ్లు వాకిట నిలిచియున్నవి. దారి ఖర్చుకు ఆహారము కూడ వచ్చెను. మన మాటలలో చెప్పవలెనంటే వీసా వచ్చినది, టిక్కెట్టు వచ్చినది, పిలిచినవాడు సొంత కుమారుడే. ఇంక ఆలోచించవలసినది ఏమున్నది? అయినను యాకోబు బెయేర్షెబాకు వచ్చి ఆగెను. దాను మొదలుకొని బెయేర్షెబా వరకు అను మాట మీరు ఎరుగుదురు గదా. ఆ దేశపు దక్షిణపు కొన అదియే. దాటితే ఎడారి, ఎడారి దాటితే ఐగుప్తు. ఆ చివరి ఊరిలో అతడు బండ్లు నిలిపి, తన తండ్రియైన ఇస్సాకు దేవునికి బలులు అర్పించెను. ఆ రాత్రి దేవుడు అతనితో మాటలాడి, ఐగుప్తుకు వెళ్ళుటకు భయపడవద్దని చెప్పెను.

భయపడవద్దని చెప్పెను గనుక యాకోబు భయపడియుండెనని మనము గ్రహింపవచ్చును. అతని భయమునకు కారణములు కలవు. తన సంతానము పరదేశములో దాసులై నాలుగు వందల ఏండ్లు శ్రమపడుదురని దేవుడు అబ్రాహాముతో ముందే చెప్పియుండెను (ఆది. 15:13). తన తండ్రి ఇస్సాకు కూడ కరవు కాలములో బయలుదేరగా, ఐగుప్తుకు వెళ్ళవద్దని దేవుడు గెరారులోనే నిలిపివేసెను (ఆది. 26:2). తండ్రికి వద్దన్న దేవుడు కుమారునికి వెళ్ళుమనెను. కరవు ఒకటే, దారి ఒకటే, దేవుడు ఒక్కడే. జవాబులు మాత్రము రెండు.

కాబట్టి ప్రియులారా, పరదేశము వెళ్ళుట పాపమని నేను బోధింపను. వెళ్ళుటయే ఆశీర్వాదమనియు బోధింపను. ఒక ఇంటికి వచ్చిన జవాబు ప్రక్క ఇంటికి చెల్లదు. ప్రక్కవారు వెళ్ళి మేడ కట్టిరి గనుక మనమును వెళ్ళవలెనన్న లెక్క వాక్యములో లేదు. అందరికిని చెల్లునది ఒకటే: దాటకముందు బెయేర్షెబాలో ఆగవలెను.

ఆగనివారి సంగతియు గ్రంథములో కలదు. బేత్లెహేములో కరవు వచ్చినప్పుడు ఎలీమెలెకు భార్యను ఇద్దరు కుమారులను తీసికొని మోయాబుకు వెళ్ళెను. కొంత కాలముండి వత్తమని వెళ్ళిరి. పది సంవత్సరములు గడచెను. తండ్రి పోయెను, ఇద్దరు కుమారులును పోయిరి. నయోమి వట్టి చేతులతో తిరిగి వచ్చెను. ఎలీమెలెకు దేవుని అడిగెనని అక్కడ వ్రాయబడలేదు. అతనిని నేను దూషింపను. ఆకలి గొన్న బిడ్డల తండ్రి ఎంత తొందరపడునో మనకు తెలియును. ఆ చీకటిలో నుండియే దేవుడు రూతును తెచ్చెను. అయినను "కొంత కాలము" అన్న మాట ఎంత పొడవగునో మన పల్లెలలో ప్రతి వీధికి తెలిసినదే.

మరి కొందరు అడిగిరి గాని, మూట కట్టుకొనిన తరువాత అడిగిరి. యెరూషలేము పడిపోయిన పిమ్మట కారేహ కుమారుడైన యోహానానును అతనితోనున్నవారును ఐగుప్తు దారి పట్టి, బేత్లెహేము దగ్గర దిగి, యిర్మీయాను పిలిచి మా నిమిత్తము ప్రార్థింపుమనిరి. ప్రవక్త పది దినములు కనిపెట్టి, ఈ దేశములోనే నిలువుడని జవాబు తెచ్చెను. వారు నీవు అబద్ధమాడుచున్నావని చెప్పి వెళ్ళిపోయిరి (యిర్మీయా 42, 43). వారికి కావలసినది దేవుని జవాబు కాదు, తమ ప్రయాణము మీద ఒక ముద్ర. సంఘకాపరి యొద్దకు వచ్చు మనమును ఏ జవాబు కొరకు వచ్చుచున్నామో పరీక్షించుకొనవలెను.

ఇప్పుడు నా తప్పు ఒప్పుకొనెదను. కొన్ని ఏండ్ల క్రిందట నేను పనిచేసిన సంఘములో ఒక చిన్న వయస్సు తల్లి ఇదే రీతిగా పాస్‌పోర్టు తెచ్చెను. పదవ తరగతి చదువనివారికి ఇచ్చు పాస్‌పోర్టుతో గల్ఫు దేశములకు ఇంటి పనికి వెళ్ళు స్త్రీకి ముప్పది ఏండ్లు నిండియుండవలెనని నియమము కలదు. ఆమెకు నిండలేదు. మధ్యవర్తి వయస్సు పెంచి కాగితములు వ్రాయించెను. వీసా కూడ పనివీసా కాదు, చూచివచ్చుటకు ఇచ్చు వీసా. నేను కాగితము విప్పి చూడలేదు. ఒక్క ప్రశ్నయైనను అడుగలేదు. కన్నులు మూసికొని చక్కగా ప్రార్థించితిని. సంఘమంతయు ఆమేన్ అనెను.

నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు మీద ఆమె వెళ్ళెను. ఎనిమిది నెలల తరువాత ఫోన్లు ఆగిపోయెను. పాస్‌పోర్టు ఇంటి యజమానుల యొద్ద ఉండెను. తుదకు ఆమె పారిపోయి మన రాయబార కార్యాలయపు ఆశ్రయములో చేరి, అవుట్‌పాసు మీద రెండేండ్లకు తిరిగి వచ్చెను. వచ్చిన దినమున ఆమె బిడ్డ తల్లిని గుర్తుపట్టక అమ్మమ్మ కొంగు చాటున దాగెను. ఆమె నన్ను నిందింపలేదు. "అయ్యగారూ, ఆ రోజు మీరు ఒక్క మాట అడిగినా నేను ఆగిపోయేదాన్ని" అని మాత్రము చెప్పెను. ఆ మాట ఈనాటికిని నా చెవిలో ఉన్నది.

ఎందుకు అడుగలేదు? నాలో నేను వెదకికొంటిని. ఆ దినములలోనే మా మందిరమునకు పాత పెంకులు తీసి స్లాబు వేయించుచుంటిమి. గల్ఫు నుండి వచ్చు దశమభాగములే అందుకు ఆధారము. వెళ్ళవద్దు అను మాట నా నోటికి రాకపోవుటకు అదియు ఒక కారణమని సిగ్గుతో ఒప్పుకొనుచున్నాను. కాపరులమైన మేము గొఱ్ఱె క్షేమము చూడక ఉన్ని లెక్కపెట్టుట దేవునియెదుట చిన్న నేరము కాదు.

కాబట్టి ఆ అరుగుమీద కూర్చుండి ఆ భార్యాభర్తలను నాలుగు ప్రశ్నలు అడిగితిని. అవి మీరందరును మీ ఇండ్లలో అడుగుకొనవలెనని కోరుచున్నాను.

మొదటిది, ఎందు నిమిత్తము వెళ్ళుచున్నాము? తిండి లేకయా, వైద్యపు అప్పు తీర్చుటకా, బిడ్డల చదువుకా? లేక ఎదుటివారి మేడను చూచియా? కరవు వేరు, అసూయ వేరు. కరవుకు మేర కలదు, ఇంత అప్పు తీరితే చాలునని చెప్పగలము. అసూయకు మేర లేదు. ఎంత మొత్తము కూడినప్పుడు తిరిగి రావలెనో బయలుదేరకముందే వ్రాసి పెట్టుకొనుడి.

రెండవది, ఎవరిని పంపుచున్నాము? అబ్రాహాము కరవులో ఐగుప్తుకు వెళ్ళి, తన ప్రాణమునకు భయపడి భార్యను చెల్లెలని చెప్పెను. శారా ఫరో ఇంటికి కొనిపోబడెను. ఆమెను బట్టి అబ్రాహామునకు గొఱ్ఱెలు, ఎద్దులు, గాడిదలు, ఒంటెలు దొరికెను (ఆది. 12:16). భార్య పరుల ఇంటిలో, మందలు భర్త యొద్ద! పురుషులారా, ఈ వచనమును మెల్లగా చదువుడి. భార్య కువైట్‌లో ఒకరి ఇంట అంట్లు తోముచుండగా, ఆ సొమ్ముతో ఇక్కడ సారా దుకాణము నింపు భర్తలు మన మధ్య లేరా? ఆమె ఇష్టపడి వెళ్ళుచున్నదా, మీరు నెట్టుచున్నారా? పిల్లలకు జ్వరము వచ్చినప్పుడు ప్రక్కన ఎవరు కూర్చుందురు?

మూడవది, ఏ వాకిట వెళ్ళుచున్నాము? దొడ్డిదారి దేవుని దారి కాదు. 1983 నాటి వలస చట్టము ప్రకారము రిజిస్టరు చేసికొనిన ఏజెంటు ద్వారానే వెళ్ళుడి. ఇంటి పనికి వెళ్ళు స్త్రీలు ప్రభుత్వ సంస్థల యొద్ద విచారింపుడి. అట్టి సంస్థలు ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్. ప్రవాసీ భారతీయ బీమా యోజన అను భీమా కలదు. 2017లో సవరించినప్పుడు దానికి రెండేండ్ల చందా 275 రూపాయలు, ప్రమాద మరణమునకు పది లక్షలు అని ఏర్పరచిరి. పనివారి పాస్‌పోర్టు యజమాని ఉంచుకొనరాదని కువైట్ వారు 2015లో చేసిన చట్టములోనే ఉన్నది. ఇది తెలిసి వెళ్ళుట అవిశ్వాసము కాదు. పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందము నకళ్ళు ఒక జత ఇంటిలో ఉంచుడి. వయస్సు మార్చి వ్రాయించువాడు మిమ్మును రక్షింపడు. అబద్ధముతో దాటినవారు ఆపదలో నిజము చెప్పుటకు కూడ భయపడుదురు.

నాలుగవది, అక్కడ దేవుని ఎట్లు సేవింతుము? కువైట్‌లో తెలుగువారు కూడి ఆరాధించు సంఘములు కలవు, శుక్రవారము సెలవుదినమున కూడుకొందురు. సౌదీ అరేబియాలో మందిరము కట్టుకొనుటకు అనుమతి లేదు. ఒకరి ఇంట పనిచేయువారికి సెలవు దొరకుటయే కష్టము. గనుక వెళ్ళువారు వాక్యమును హృదయములో మోసికొని వెళ్ళవలెను.

మన తెలుగువారు దాటుట నేటి సంగతి కాదు. 1860లో మద్రాసు నుండి మొదటి ఓడ కూలీలను దక్షిణాఫ్రికాలోని నేటాలుకు కొనిపోయెను. తరువాత అట్లు వెళ్ళిన తెలుగు బాప్తిస్టు విశ్వాసుల కొరకు నెల్లూరు నుండి జాన్ రంగయ్యగారు 1903లో అక్కడికి వెళ్ళి సంఘము కట్టిరి. కాకినాడ, విశాఖపట్నము రేవుల నుండి మన పెద్దలు రంగం వెళ్ళి ఓడలకు సరకులు మోసిరి. 1941 డిసెంబరులో రంగూను మీద బాంబులు పడగా, 1942లో వేలాదిమంది కొండలు అడవులు పట్టి నడిచి వచ్చిరి. దారిలో ఎందరో పడిపోయిరి. పరదేశము కొందరికి సంఘమాయెను, కొందరికి సమాధి ఆయెను. అమెరికాకు చదువుకు వెళ్ళు మన బిడ్డలకును, నర్సులుగా వెళ్ళు మన కుమార్తెలకును ఈ మాట చెందును.

తుదకు, దేవుడు యాకోబునకు ఇచ్చిన వాగ్దానము చూడుడి. ఐగుప్తులో ఎంత సంపాదింతువో ఆయన చెప్పలేదు. నేనును నీతోకూడ వత్తును, నిన్ను తిరిగి తెచ్చెదను, యోసేపు నీ కన్నులమీద చెయ్యి ఉంచును అను భావము గల మాటలు చెప్పెను. ముసలి తండ్రి మనస్సులోని ప్రశ్న దేవునికి తెలియును: నా కన్నులు మూయుటకు ఎవరుందురు? మన పల్లెలలో ఈ ప్రశ్న ఎంత మంది తండ్రులు అడుగుచున్నారు! తండ్రి సమాధి కార్యము కుమారుడు ఫోనులో చూచుచుండగా నేను జరిపించితిని. కుమారుని శరీరము పెట్టెలో రాగా తల్లి ఎదుటను నిలిచితిని. వాగ్దానము ప్రకారము యాకోబు తిరిగి వచ్చెను, కాని మక్పేలా గుహలో పెట్టబడుటకే వచ్చెను (ఆది. 50:13). గనుక మనము పట్టుకొనవలసినది వీసాను కాదు, నీతోకూడ వత్తునన్న ఆయనను.

సంఘమునకు కూడ ఒక మాట. వెళ్ళినవారి పేర్లు ప్రతి ఆదివారము ప్రార్థనలో ఎత్తుడి. వారి పిల్లలను మీ పిల్లలతో కూడ కూర్చుండబెట్టుడి. తిరిగి వచ్చినవారిని ఏమి తెచ్చితివని అడుగక, ఎట్లున్నావని అడుగుడి. వట్టి చేతులతో వచ్చిన నయోమిని బేత్లెహేము గెంటివేయలేదు.

ఆ భార్యాభర్తలు ఇంకను నిర్ణయింపలేదు. నెల దినములు కలిసి ప్రార్థింతుమనియు, కాగితములు చూపి విచారింతుమనియు చెప్పి వెళ్ళిరి. భర్త మూడవ ప్రశ్న కంటె రెండవ ప్రశ్నకు ఎక్కువ సేపు తల వంచుకొని కూర్చుండెను. వారికి జవాబు ఏమి వచ్చునో నాకు తెలియదు. వెళ్ళుమన్నచో చెయ్యిపెట్టి ప్రార్థింతును. నిలువుమన్నచో వారి అప్పు తీరు మార్గము సంఘమే వెదకవలెను. వద్దని చెప్పి ఆకలికి విడిచిపెట్టుట కాపరితనము కాదు.

ప్రార్థన: అబ్రాహాము ఇస్సాకు యాకోబుల దేవా, దారి చివర నిలిచియున్న నీ బిడ్డలను జ్ఞాపకము చేసికొనుము. వెళ్ళుమన్న వారితో నీవు వెళ్ళుము. నిలువుమన్న వారికి ఇక్కడనే రొట్టె దయచేయుము. దూరదేశములో తలుపు వెనుక ఏడ్చుచున్న మా సహోదరీల మొఱ్ఱ ఆలకించుము. అడుగవలసినప్పుడు అడుగు ధైర్యమును నీ సేవకులకు ఇమ్ము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.