పేరు చెప్పి అప్పగించిన మేకులు

ధ్యానభాగము: సంఖ్యాకాండము 4:29–33



ప్రత్యక్షపు గుడారమును మోయుటకు లేవీయులకు పనులు పంచియిచ్చిన సంగతి మీరెరుగుదురు. కహాతీయులకు మందసము, బల్ల, దీపవృక్షము వచ్చెను. గెర్షోనీయులకు తెరలు వచ్చెను. మెరారీయుల వంతునకు పలకలు, స్తంభములు, దిమ్మలు, వాటితోకూడ మేకులు, త్రాళ్లు వచ్చెను. వినుటకు ఘనమైన పని కాదు. అయినను వారు మోయవలసిన సామగ్రిని పేరు పేరున అప్పగింపవలెనని ఆజ్ఞ కలిగెను. మేకునకు పేరెందుకు? అది తప్పిపోయిన సంగతి ప్రయాణము కట్టునాడు తెలియదు. గుడారము వేయునాడు తెలియును. ఈ పాఠమును మేము ఒక లారీ క్రింద పండుకొని నేర్చుకొంటిమి.

మా సంఘములో ఒక సహోదరునికి పాత మినీలారీ కలదు. రైతుల టమాటాలను మదనపల్లె మార్కెట్టునకు చేరవేయుటే ఆ యింటి జీవనము. దాని డీజిలు ఇంజనులో క్రాంకు సెన్సారు అను వ్రేలంత పరికరమున్నది. పండ్లచక్రము తిరుగుచుండగా అది ఆ పండ్లను కనిపెట్టును. అట్టి చక్రములు అనేకములలో 60 పండ్లకు చోటుండి 58 మాత్రమే యుండును. ఆ ఖాళీని బట్టియే ఇంజను ఎంత తిరిగినదో బండిలోని కంప్యూటరు ఎరుగును. సెన్సారునకు పండ్లకు నడుమ దూరము సుమారు ఒక మిల్లీమీటరు. సెన్సారు కదలిన యెడల ఆ గురుతు అందదు, డీజిలు చిమ్ముట ఆగును, బండి నిలిచిపోవును. దానిని కదలకుండ పట్టియుంచునది ఒక్క బోల్టు.

ఆ బోల్టు త్రుప్పుపట్టి తల విరిగెను. మెకానిక్కు ముక్కను ఊడదీసి, "ఇలాంటిదే తెచ్చిపెట్టండి అయ్యగారూ" అని మా చేతికిచ్చెను. మేము ఆ దినము పట్టణమునకు పోవుచుంటిమి. అంగడివాడు "మిల్లీమీటరు బోల్టా, సూతు బోల్టా?" అని అడిగెను. ముక్క మా జేబులో నుండగానే, "లావు సరిపోతే చాలు" అంటిమి. అతడు రెండు సూతుల బోల్టు ఇచ్చెను. మేము తిరిగి వచ్చునప్పటికి మెకానిక్కు వెళ్లిపోయెను గనుక మేమే బిగింపబోతిమి. బండి నడుపు ఆ యింటి కుమారుడు దీపము పట్టుకొని, "అయ్యగారూ, వేళ్లతో తిరగడం లేదండీ. ఇది దానిది కాదేమో" అనెను. పాత బోల్టునకు పట్టిన 10 నంబరు స్పానరు దీని తలకు పట్టలేదు. ఇద్దరు సాక్షులు పలికినట్లాయెను. మేము వినలేదు. స్క్రూస్పానరుతో బలవంతముగా త్రిప్పితిమి. అది లోనికి పోయెను. "చూశావా బాబూ!" అంటిమి.

ఆ రాత్రి నడిదారిలో బండి ఆగెను. సరుకు వేలమునకు అందలేదు. ఎండకు మెత్తబడిన టమాటాలను అడుగువారు లేకపోయిరి. తండ్రి నలుగురి యెదుట, "నీ చేతికి ఏ పనిచ్చినా ఇంతే" అని కుమారుని తిట్టెను. కుమారుడు మా వైపు చూచెను. మేము అక్కడనే నిలిచియుంటిమి. నోరు తెరువలేదు. ప్రియులారా, తప్పు బోల్టు ఒక తప్పు. ఆ మౌనము రెండవ తప్పు; అది మొదటిదానికంటె పెద్దది.

మూడు దినములు ప్రసంగము వ్రాయ కూర్చుండినను కలము సాగలేదు. నాలుగవ దినమున ఆ యింటికి పోయి, కుమారుడు వినుచుండగా, ఉన్నది ఉన్నట్లు చెప్పితిమి. తండ్రి చాలసేపు మాటలాడలేదు. పిదప కుమారునితో, "అయ్యగారికి చాప వెయ్యి" అనెను. అవమానము నలుగురిలో కలిగినది గనుక ఆదివారము సంఘము యెదుటను అదే చెప్పితిమి. మరమ్మతు ఖర్చు మేమిచ్చితిమి. పోయిన సరుకును మాత్రము తిరిగి ఇయ్యలేకపోతిమి.

పిమ్మట మెకానిక్కు రెండు బోల్టులను ప్రక్కప్రక్కన పెట్టి చూపెను. పాతది ఎం6, దాని లావు 6 మిల్లీమీటర్లు, మరకు మరకు నడుమ 1 మిల్లీమీటరు. మేము తెచ్చినది పావు అంగుళము, లావు 6.35, మరకు మరకు నడుమ 1.27. ఒక్క మరను చూచిన భేదము కంటికి ఆనదు. బడిపిల్లల స్కేలుతో పది మరలు కొలిచితిమి. ఒకటి 10 మిల్లీమీటర్లు, మరియొకటి 12.7. ఆ ఉక్కుబోల్టు మెత్తని అల్యూమినియములో పాత మరలను చెరిపివేసెను. మెకానిక్కు రంధ్రమును తొలిచి, ఉక్కుతీగ చుట్టను అమర్చి, క్రొత్త మర కల్పింపవలసి వచ్చెను. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ అందరికిని ఒకే మర కొలత ఉండవలెనని ప్రతిపాదించెను. అంతకుముందు కార్ఖానాలు ఎవరి మర వారే కోసికొనుచుండెను. మన దేశములో మెట్రిక్ కొలతలకు 1956లో చట్టము వచ్చినను, అంగడిలో రెండు రకముల బోల్టులును నేటికి పొరుగుపొరుగు డబ్బాలలోనే యున్నవి.

కాబట్టి పాత బండికి బోల్టు కొనువారు పాత ముక్కను చూపి కొనుడి. పొడవును కొలువుడి; ఎక్కువైన యెడల రంధ్రపు అడుగున తగిలి సెన్సారును అదుమదు, తక్కువైన యెడల మరలు చాలినంత పట్టవు. పాతదాని తలమీద 8.8 అను బలపు గుర్తుండిన యెడల అంతకు తక్కువది కొనకుడి. మొదట వ్రేళ్లతో త్రిప్పుడి. స్పానరు చివరకే, అదియు మితముగానే.

ప్రియులారా, మన నడతయు ఒక్క దినములో సరిగానే కనబడును. పది దినములు కొలిచినప్పుడు భేదము బయలుపడును. "వేళ్లతో తిరగడం లేదు" అని చెప్పువారు మన యింటను ఉన్నారు: ఒక చిన్నవాడు, ఒక కోడలు, ఒక కూలివాడు. మనకు వయస్సు, పదవి ఉన్నవి గనుక వారి మాటమీద స్పానరు వేయుచున్నాము. మేకును సహితము పేరు చెప్పి అప్పగింపుమన్న దేవుడు వారి పేరును మరచునా?

మీ తప్పును మోయుచున్నవాడు ఎవడైనను ఉన్న యెడల, రాబోవు ఆదివారమునకు ముందే అతని గడప తొక్కుడి. మొదటి మాట కష్టము. అది వ్రేళ్లతోనే తిరుగును; బలవంతము అక్కరలేదు. ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.